పోయినవన్నీ పండక్కి

ఆ ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే ఎవరూ వెతకరు. ఎక్కడ పెట్టావని ఒకరినొకరు అడగరు కూడా. అది ఆ ఇంటి చట్టం. చట్టం చేసినావిడ పోయి మూడేళ్ళయింది. చట్టం మాత్రం ఇంకా అమల్లోనే ఉందని లిఫ్టాయన నమ్మకం.

లిఫ్టాయన అంటే ఎనిమిదంతస్తుల పాత ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే మనిషి. ఇప్పటి లిఫ్టులకు మనిషి అక్కర్లేదు, మీట నొక్కితే చాలు. ఇది అలాంటి బుద్ధిమంతురాలు కాదు. దీనికి కటకటాల తలుపులు రెండు. రెండూ ఒకేలా పడకపోతే మొండికేసి అంతస్తుకీ అంతస్తుకీ మధ్య నిలబడిపోతుంది. దాని అలక తీర్చడం తెలిసినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆ ఉద్యోగం ఇంకా ఉంది. రోజుకి వందసార్లు పైకెళ్ళి కూడా జీవితంలో ఒక్క మెట్టు ఎక్కనివాణ్ణి నేనే అని ఆయన తన మీద తనే జోకు వేసుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా అదే జోకు. ఎక్కేవాళ్ళు మారుతుంటారు కాబట్టి చెల్లిపోతోంది.

చట్టం పుట్టింది కూతురు రెండో తరగతిలో ఉన్నప్పుడు. ఆయన భార్య ఒక డ్రైక్లీనింగు షాపులో చిరిగిన బట్టలు కుట్టే పని చేసేది. ఆ ఏడు పండక్కి ఇద్దరి జీతాలూ రాలేదు. వస్తాయని ఎదురుచూసి, రావని తేలాక, ఆవిడ నడుముకి కొంగు దోపి ప్రకటించింది.

"ఈసారి ఏమీ కొనం."

"కొనకపోతే పండగెలా అవుతుందమ్మా?" అంది పిల్ల.

"ఇంట్లో విరిగినవీ చిరిగినవీ బోలెడున్నాయి కదే. ఒకళ్ళది ఒకళ్ళం దొంగతనంగా తీసేసుకుందాం. ఎవరికీ చెప్పకుండా బాగుచేసి పండగనాడు ఇచ్చుకుందాం. సొంత చేతుల్తోనే చెయ్యాలి, బజారులో చేయించకూడదు. ఏదన్నా కనబడకపోతే అడక్కూడదు, వెతక్కూడదు."

"నిజంగా దొంగలు పడితేనో?"

"మనింటికొచ్చిన దొంగ జాలిపడి ఏదో ఒకటి పెట్టి పోతాడులే."

ఆ పండక్కి ఆవిడ భర్త చొక్కా కాలరు విప్పి, అరిగిన వైపు లోపలికి తిప్పి కుట్టి ఇచ్చింది. ఆయన పిల్ల బొమ్మకి చెయ్యి అతికించాడు. పిల్ల నాన్న కళ్ళజోడు విరిగిన కాడకి ఎర్రదారం చుట్టి ముడేసింది. ఆ కళ్ళజోడుతోనే ఆయన ఏడాది పాటు లిఫ్టు నడిపాడు. ఇదేమిటయ్యా అని అడిగిన ప్రతి ఆఫీసరుకీ "మా ఇంజనీరు పనండీ" అని చెప్పాడు. తరవాతి ఏడాది జీతాలు వేళకే వచ్చాయి. అయినా పిల్ల కొత్తగౌను అడగలేదు, నా గొడుగు కనబడ్డం లేదు అని చెప్పి ఒకటే నవ్వింది. అప్పటినుంచి అదే వాళ్ళ పండుగ.

ఇంకో చిన్న నిబంధన ఉంది. పండగనాటికి పని పూర్తికాకపోతే "ఇంకా అవలేదు" అనాలి. అంటే మళ్ళీ ఏడాదికి వాయిదా. ఎందుకవలేదని ఎదుటివాళ్ళు అడక్కూడదు. ఒక గోడగడియారం అలా మూడు పండుగలు దాటి, చివరికి ఆగిపోయిన గడియారంగానే తిరిగొచ్చింది.

భార్య పోయిన ఏడాది పండుగ చేసుకోలేదు. మరుసటి ఏడు కూతురికి ఉద్యోగం వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర కౌంటరులో కూర్చుని పేర్లు రాసుకునే పని. మొదటి జీతంతో పండగనాడు నాన్న చేతిలో ఒక పెట్టె పెట్టింది. లోపల నీలం చారల చొక్కా, కాలరుకి గుండుసూదులు కూడా తియ్యని కొత్త చొక్కా. ఆయన దాన్ని చూసి "కొన్నావా?" అన్నాడు.

ఆ ఒక్క మాటే అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. ఆయన చొక్కా తొడుక్కోలేదు. నెల్లాళ్ళు అలమారలో పెట్టి, చట్టం అంటే చట్టమేనని పంతానికి పోయి, భవనం వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. అంత తెలివితక్కువ పని ఆయన జీవితంలో ఇంకోటి చెయ్యలేదు. ఇప్పుడు వాచ్‌మన్ వారానికి రెండు రోజులు దాన్నే తొడుక్కుని గేటు దగ్గర నిలబడుతున్నాడు. ఆ రెండు రోజులూ లిఫ్టాయన వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్తాడు.

పోయిన పండక్కి కూతురు డ్యూటీ వేయించుకుంది. ఆయన ఒక్కడే వండుకుని, ఒక్కడే తిని, ఒక కంచం కడిగి బోర్లించాడు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోకపోవడమంటూ లేదు. పాలు అయిపోయాయి, కరెంటు పోయింది, తలుపేసుకో, లాంటివి అన్నీ మాట్లాడుకుంటారు. చట్టం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఈసారైనా పిల్ల మళ్ళీ ఆడుతుందా అనేదే ఏడాదంతా ఆయన మనసులో ఉన్న ఒకే ఒక్క ప్రశ్న. అడగడానికి వీల్లేని ప్రశ్న కూడాను.

పండుగ ఇంకా నెలరోజులుందనగా ఒక ఆదివారం సాయంత్రం ఆయన అలమార మీదకి చూశాడు. అక్కడుండాల్సిన సూట్‌కేసు లేదు. ఒక చక్రం ఊడిపోయి ఎన్నో ఏళ్ళుగా అక్కడే పడుంది. ఇప్పుడు దాని కొలతకి దుమ్ము లేని చోటు మాత్రం ఉంది. కూతురు వంటింట్లో ఉంది. ఆయన కిక్కురుమనకుండా కుర్చీలో కూర్చుని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వెనక నవ్వు ఆగలేదు.

తరవాతి ఆదివారం టేబుల్ లైటు పోయింది. మెడ నిలవక ఎప్పుడూ తల వేలాడేసుకుని ఉండే లైటు. ఆ తరవాత అంచు చిరిగిన దుప్పటి, పిడి వదులైన చిన్న కుక్కరు. సూట్‌కేసు, లైటు, దుప్పటి, కుక్కరు. ఈ నాలుగూ ఒక వరసలో పెట్టి చూస్తే దారినపోయేవాడికైనా సంగతి తెలిసిపోయేది. ఆ ఇంట్లో విరగని వస్తువంటూ ఏదైనా ఉంటే కదా, ఏది పోయినా బాగుచెయ్యడానికే అనిపిస్తుంది మరి. నాలుగో ఆదివారం గోడ మీద భార్య ఫోటో లేదు. దాని అద్దం ఒక మూలనుంచి ఇంకో మూలకి పగిలి ఉండేది. మేకు ఒక్కటే మిగిలిన గోడ ముందు నిలబడి లిఫ్టాయన కాసేపు ఏడ్చాడు. సంతోషంగానే ఏడ్చాడు.

"ఏంటన్నయ్యా, ఈ నెలంతా మొహం వెలిగిపోతోంది? లాటరీ గానీ తగిలిందా?" అంది నాలుగో అంతస్తుకి టీ ఫ్లాస్కుతో ఎక్కిన టీ అమ్మాయి. అమ్మాయంటే ఆవిడకి ఇద్దరు మనవలు.

"మా ఇంట్లో దొంగలు పడ్డారమ్మా," అన్నాడాయన.

సంగతంతా విని ఆవిడ ఫ్లాస్కు ఇంకో చేతిలోకి మార్చుకుంది. "బానే ఉంది గానీ, ఒకసారి నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడక్కూడదు. అదే కదా దాని అందం."

"ఏమోనన్నయ్యా. మా ఇంట్లో గ్లాసు కనబడకపోతే వీధంతా వినబడేలా అరుస్తాం," అని ఆవిడ దిగిపోయింది.

మరి తను కూడా ఏదో ఒకటి తియ్యాలి కదా. కూతురి ఫైలు కనబడింది. గోధుమరంగు రెగ్జిన్ ఫైలు. చదువుకునే రోజులనుంచీ సర్టిఫికెట్లన్నీ అందులోనే. జిప్పు చెడిపోతే రబ్బరుబ్యాండ్లు వేసి వాడుకుంటోంది. కాగితాలు కదలకుండా ఒక తువ్వాల్లో చుట్టి తన పెట్టె అడుగున దాచాడు. ఒక్కటీ తిప్పి చూడలేదు, ఒకరి కాగితాలు ఇంకొకరు చదవడం ఆ ఇంట్లో లేదు. భార్య పాత చేతిసంచీకున్న మంచి జిప్పు ఊడదీసి, ఫైలుతో పాటు అన్నం డబ్బా సంచీలో పెట్టుకుని పనికి పోయాడు. మధ్యాహ్నం మూడు, మూడున్నర మధ్య లిఫ్టు ఎక్కేవాళ్ళుండరు. ఆ వేళ స్టూలు మీద కూర్చుని రోజుకి రెండంగుళాల చొప్పున కుట్టాడు. ఎవరైనా గంట కొడితే సూది కాలరుకి గుచ్చుకుని తలుపు లాగేవాడు.

ఇంట్లో కూతురు వెతకడం మొదలుపెట్టింది. పరుపులెత్తింది, బల్ల వెనక చూసింది, బట్టల మడతలు విప్పింది. ఆయన పేపరు అంచునుంచి చూస్తూ, అచ్చం వాళ్ళమ్మలాగే నటిస్తోందనుకున్నాడు.

మూడోనాడు వచ్చి ఎదురుగా నిలబడింది. "నాన్నా, నా ఫైలు చూశావా?"

"ఏ ఫైలు?"

"నీ దగ్గరుంటే ఇచ్చెయ్ నాన్నా. అవసరం."

"ఎక్కడికి పోతుంది? పండగనాటికి అదే వస్తుందిలే."

ఆ మాటకి పిల్ల మొహం పాలిపోయింది. అడుగుల చప్పుడు విని ఎవరు ఏ అంతస్తుకి పోతారో చెప్పగలిగే మనిషి, కూతురి మొహంలో ఏముందో మాత్రం పోల్చుకోలేకపోయాడు.

పండుగ ముందురోజు భవనం మధ్యాహ్నానికే మూసేశారు. ఆయన ఇంటికొచ్చేసరికి కూతురింకా రాలేదు. జిప్పు పూర్తయింది. రన్నరు ఆ చివరనుంచి ఈ చివరకి నూనె రాసినట్టు పరిగెడుతోంది. పెట్టె అడుగునుంచి కాగితాలు తీసి ఫైల్లో సర్దబోతే, పైకాగితం జారి నేల మీద పడింది. ఎత్తబోతే కళ్ళబడింది. చదవకూడదనుకుంటూనే చదివేశాడు.

మూడున్నర గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద ఊళ్ళో పళ్ళ ఆసుపత్రి ఉద్యోగం. ఉండడానికి గది కూడా ఇచ్చారు. గది తాళం నెల క్రితమే ఇచ్చినట్టు రాసుంది. పండుగ మర్నాడు మధ్యాహ్నం రెండింటిలోగా అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి. రాకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తరవాతి పేరుకి పోతుంది.

సూట్‌కేసు, లైటు, దుప్పటి, కుక్కరు ఎక్కడికి పోయాయో అప్పుడు తెలిసింది. ఫోటో కూడా. నాలుగు ఆదివారాలు డ్యూటీ ఉందని చెప్పి, ఒక్కొక్కటిగా మోసుకుపోయింది. ఆయనకి ముందు కోపం వచ్చింది. ఆ కోపం కూతురి మీదో, నెలరోజులు పేపరు వెనక నవ్విన తన మీదో తేలలేదు. తరవాత భయం వేసింది. రెండు గదుల ఇల్లు అది. ఒక గదిలో దగ్గితే ఇంకో గదిలోంచి నీళ్ళు తాగమని వినబడుతుంది. ఇకమీదట వినబడదు.

అప్పుడు నిబంధన గుర్తొచ్చింది. ఇంకా అవలేదు అంటే చాలు. అబద్ధం చెప్పినట్టు కూడా కాదు, పని నిజంగా అవకపోతే. ఆయన బ్లేడు తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వారం రోజులు కుట్టిన జిప్పుని సగం దాకా ఒక్కొక్క కుట్టే తెంపాడు. అంతా చట్టప్రకారమే చేస్తున్నానని తనకి తను చెప్పుకున్నాడు.

పండగనాడు కూతురు పొద్దున్నే లేచి ఇల్లు తుడిచింది. పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి గుమ్మానికి గొలుసులా కట్టింది, చిన్నప్పుడు వాళ్ళమ్మ కట్టించినట్టే. ఇద్దరికి సరిపడా వంట, ఒక తీపి. ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కూర బాగుందని ఆయనన్నాడు. ఉప్పు తగ్గిందేమోనంది. తగ్గలేదన్నాడు. తిన్నాక కంచాలు పక్కకి జరిపి, ఇచ్చిపుచ్చుకునే వేళకి ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. పిల్ల ఆయన చేతుల వైపే చూస్తోంది.

"ఇంకా అవలేదు," అన్నాడు లిఫ్టాయన.

ఆమె కళ్ళు ఒక్కసారి పైకి లేచి మళ్ళీ దిగాయి. "సరే నాన్నా," అంది. కంచాలు తీసుకుని వంటింట్లోకి పోయింది.

కొళాయి తిప్పిన చప్పుడు వినబడింది. ఆయన కూర్చున్న చోటునుంచి ఆమె వీపు కనబడుతోంది. నీళ్ళు ధారగా పడుతున్నాయి, ఆ ధార కింద కంచం పట్టుకున్న చెయ్యి కదలడం లేదు. అరవొచ్చు. నా సర్టిఫికెట్లు నాకు పారేయమని గుంజుకోవచ్చు. ఎందుకవలేదని కనీసం అడగొచ్చు. అడగలేదు. చట్టాన్ని అడ్డం పెట్టుకుని ఆయన మోసం చేస్తుంటే, అదే చట్టానికి కట్టుబడి ఆ పిల్ల నోరు మూసుకుని నిలబడింది. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

లేచి వెళ్ళి ఫైలూ సూదీ దారం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. సూదిలోకి దారం ఎక్కలేదు. తడిపాడు, పురిపెట్టాడు, వెలుగుకి ఎత్తి చూశాడు. ఎక్కలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చిన కూతురు గుమ్మంలో ఆగి చూసింది. తరవాత వచ్చి ఆయన చేతిలోంచి సూది తీసుకుని, దారం ఎక్కించి, ముడేసి ఇచ్చింది.

"నిన్నటిదాకా కుట్టే ఉందమ్మడూ. నిన్న సాయంత్రం నేనే తెంపాను."

"కాగితం చూశావా?"

"చూశాను."

ఆమె ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆయన కుడుతున్నాడు. "ప్రతి ఆదివారం చెబుదామనే వచ్చేదాన్ని నాన్నా. నువ్వేమో ఏదో పాట పాడుకుంటూ తలుపు తీసేవాడివి. అమ్మ పోయాక నువ్వు నవ్వడం నేను చూళ్ళేదు. ఇప్పుడే చెడగొట్టడం దేనికిలే అని వచ్చే వారానికి వాయిదా వేశాను. అలా నాలుగు వారాలు."

ఆయన సూది ఆపాడు. ఆ నవ్వు ఎందుకు నవ్వాడో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. అయినా చెప్పాడు. సూట్‌కేసు చక్రం నుంచి ఫోటో అద్దం దాకా ఏది ఎప్పుడు పోయిందో, ఏదెలా తిరిగొస్తుందనుకున్నాడో అన్నీ చెప్పాడు. వింటూ వింటూ ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేమీ బాగుచెయ్యలేదు నాన్నా. చక్రం ఊడే ఉంది. అద్దం కూడా అలాగే ఉంది."

"తెలుసులేమ్మా."

"నేనింక ఆడకూడదనుకున్నాను. వాచ్‌మన్ ఒంటి మీద ఆ చొక్కా చూసిన రోజే ఆ ఊరికి అప్లికేషన్ పెట్టాను."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు, తారీకు చెప్పినట్టు చెప్పింది. ఆయనకి సూది వేల్లో దిగింది. రక్తం ఫైలుకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుని, కాసేపటికి తీశాడు. "తప్పు నాదే," అన్నాడు. "అది చేసి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పటికీ గేటు దగ్గర ఆ చొక్కా కనబడితే వెనక గుమ్మంలోంచే పోతున్నాను."

ఆమె బల్ల మీది దారపు ముక్కలు ఏరింది. ఆయన మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. గుమ్మానికి కట్టిన కాగితాల గొలుసు గాలికి గలగలమంటోంది. వీధిలో ఎవరింట్లోనో పదిమంది ఒక్కసారే నవ్వారు.

"నాకు భయంగా ఉందమ్మడూ," అన్నాడు తల ఎత్తకుండా. "ఈ ఇంట్లో ఒక్కణ్ణే ఉండాలంటే నిజంగా భయంగా ఉంది."

"నాకూ అక్కడ భయంగానే ఉంది నాన్నా. ఆ గదిలో గోడలు తప్ప ఏం లేవు."

వెళ్ళనని ఆమె అనలేదు. వెళ్ళొద్దని ఆయనా అనలేదు. దారం అయిపోయిన ప్రతిసారీ ఆమె చెయ్యి చాపి సూది తీసుకుని ఎక్కించి ఇచ్చింది. పొద్దు వాలేలోపు జిప్పు పూర్తయింది. ఆయన రన్నరు లాగి చూసి, కాగితాలు సర్ది, రెండు చేతులతో ఫైలు ఆమెకిచ్చాడు. ఆమె రెండు చేతులతో తీసుకుంది. ఆ ఏటి పండుగ అంతే.

మర్నాడు పొద్దున ఏడింటికే తయారైంది. మొయ్యడానికి సామానేం లేదు, అంతా ముందే చేరిపోయింది. రోజూ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పటి చీరే కట్టుకుంది. భుజానికి అదే సంచీ, చంకలో ఫైలు. ఆయన ఆ వేళ పనిలోకి వెళ్ళడానికి బూట్ల లేసు కట్టుకుంటున్నాడు.

"వెళ్ళొస్తా నాన్నా," అంది గుమ్మంలోంచి.

"సాయంత్రం ఎన్నింటికొస్తావు?" అన్నాడాయన, లేసు ముడేస్తూ, రోజూ అడిగినట్టే.

అనేశాక తెలిసింది. తల ఎత్తి చూశాడు. ఆమె కూడా కదలకుండా నిలబడిపోయింది. కింద వీధిలో బస్సు హారను రెండుసార్లు మోగింది.

"ఆరున్నరకి నాన్నా," అంది రోజూ చెప్పినట్టే. చెప్పి మెట్లు దిగిపోయింది.